ఆయాస రహిత బట్టీలపాడు

బట్టీలపాడు పురపాలక సంఘం ఆయాసాన్ని రద్దు చేసిన సంగతి ఊళ్ళో అందరికంటే ముందు కోటిలింగానికే తెలిసింది. తెలియక తప్పదు. ఆ సంగతి ఊరికి చెప్పవలసినవాడు అతనే.

మున్సిపాలిటీ వారి మైకు ఆటోలో కూర్చుని, రేపు కుళాయిలు రావనీ, ఎల్లుండి లోపల ఇంటిపన్ను కట్టాలనీ, కుక్కలకు సూదులు వేయించాలనీ వీధి వీధికీ చెప్పే గొంతు కోటిలింగానిది. పెద్ద గొంతు. ఆ గొంతు వినబడితే నిద్రపోయే అల్లుళ్ళు లేచి కూర్చుంటారని పేరు. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టుది. ఏడాదికోసారి కమిషనరు గారు సంతకం పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. బట్టీలపాడు చుట్టూ సున్నపు బట్టీలు. తెల్లారేసరికి ఇళ్ళ కప్పుల మీద, ఆరేసిన బట్టల మీద, కట్టేసిన గొడ్ల మీద తెల్లటి పొడి పరుచుకుని ఉంటుంది. ఆ ఊళ్ళో గేదె నల్లగా కనబడాలంటే వానాకాలం రావాలి. అలాంటి ఊళ్ళో మనిషికి ఆయాసం రావడం వింత కాదు, రాకపోవడం వింత. ఆ వింతను సాధించి చూపించడానికే కమిషనరు అనంతశయనం గారు నడుం బిగించారు. రాష్ట్రంలో మొట్టమొదటి 'ఆయాస రహిత పట్టణం' అని పైవాళ్ళు బహుమతి ప్రకటించారట. దానికో షీల్డు, ఒక అభినందన సభ, సాధించిన అధికారికి సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద ఊరికి బదిలీ.

కోటిలింగానికి ఆస్తమా ఉంది. ఈ సంగతి అతని భార్య తులశమ్మకూ, పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు మెహరున్నీసా గారికీ తప్ప ఎవరికీ తెలియదు. పిల్లికూతలు పెట్టే గొంతుకు మైకెవరిస్తారు? అందుకని జేబులో నీలం ఇన్‌హేలర్ పంపు దాచుకుని, సందు మలుపులో ఆటో ఆపించి, మూత్రానికి వెళ్ళినట్టు గోడవైపు తిరిగి రెండు సార్లు పీల్చి వచ్చేవాడు. అలా రోజుకు ఎన్ని గోడలో అతనికే లెక్క లేదు.

చేతులు వణుకుతున్నాయని, గుండె దడదడలాడుతోందని ఆ మధ్య డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆమె నిలదీసింది.

"నీలం పంపు ఎన్నిసార్లు కొడుతున్నావ్?"

"ఆయాసం వచ్చినప్పుడల్లా అమ్మా."

"ఆ రెండోది? గోధుమరంగుది? రోజూ పొద్దునా సాయంత్రం పీల్చమని ఇచ్చానే?"

"అది పీలిస్తే ఏం తెలవటంలేదమ్మా. దీనికైతే ఠక్కున ఊపిరాడుద్ది. అందుకని దాన్ని మానేశా."

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "కోటిలింగం గారూ, ఇల్లు అంటుకున్నప్పుడు నీళ్ళు చల్లడానికి నీలంది. అసలు అంటుకోకుండా చూసేది ఆ రెండోది. రోజూ నీళ్ళు చల్లుకుంటూ కూర్చున్నావంటే రోజూ ఇల్లు కాలుతోందని అర్థం. వారంలో రెండుసార్లకు మించి నీలం పంపు కావాల్సొస్తే జబ్బు చెయ్యిదాటుతోందని నా దగ్గరికి రావాలి. గోధుమరంగుది పీల్చాక నోరు పుక్కిలించు. నీలంది ఎప్పుడూ జేబులోనే ఉండాలి. అది లేకుండా గడప దాటొద్దు."

కోటిలింగం బుద్ధిగా విన్నాడు. గోధుమరంగు పంపు మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి చేతుల వణుకు పోయింది, గోడల వెంట తిరగడం తగ్గింది. రాత్రిళ్ళు దిండ్లు ఎత్తుగా పేర్చుకుని కూర్చునేవాడు కాస్తా వెల్లకిలా పడుకుని గురకపెట్టడం చూసి తులశమ్మ సంతోషంతో ఏడ్చింది. సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీకి ఊరి ఊపిరి మీద ప్రేమ పుట్టింది.

సమావేశంలో అనంతశయనం గారు లేచి గొంతు సవరించుకున్నారు. "ఆయాసము అనునది కంటికి కనబడునది కాదు. కనబడనిదానిని లెక్కించుట ఎట్లు? ఇన్‌హేలర్ కనబడును. కావున ఎన్ని ఇన్‌హేలర్లు కలవో అంతమంది రోగులు కలరు. ఇన్‌హేలర్లు లేనిచో రోగులు లేరు. ఇది శాస్త్రీయ సూచిక."

శానిటరీ ఇన్‌స్పెక్టరు భయం భయంగా చెయ్యెత్తాడు. "మరి బట్టీల పొగ సంగతి సార్?"

"బట్టీలు పరిశ్రమల శాఖ పరిధిలోనివి. ఊపిరి మాత్రమే మన పరిధిలోనిది. పరిధి దాటుట క్రమశిక్షణారాహిత్యము."

మర్నాడు కోటిలింగం చేతికి ప్రకటన కాగితం వచ్చింది. అది చదువుతుంటే అతని చెయ్యి జేబులో పంపు మీదికి పోయింది. అయినా గొంతెత్తి ఊరంతా చెప్పాడు. "ఇన్‌హేలర్ సమర్పణ మహోత్సవం! మీ ఇంట ఉన్న ఇన్‌హేలర్లను మున్సిపల్ కార్యాలయంలో సమర్పించండి! ఆయాసము నుండి విముక్తి పొందండి! ప్రతి ఇన్‌హేలర్‌కు ఒక స్టీలు క్యారియర్ ఉచితం!"

ఆ ఆఖరి మాట ఊరికి చెవినబడింది. తక్కిన మాటలు గాలికి పోయాయి.

మూడు గిన్నెల క్యారియర్. అంచున పురపాలక సంఘం వారి పేరు చెక్కి ఉంది. మందుల షాపులో పంపు కొని ఇస్తే, పంపు వెలకంటే ఎక్కువ వెలచేసే క్యారియర్ వస్తుంది. ఇంతకంటే మంచి బేరం బట్టీలపాడు చరిత్రలో రాలేదు. కొండలు పిండి కొట్టే పహిల్వాన్లు కూడా పంపులు కొని, మున్సిపాలిటీ మెట్ల మీద రెండు దగ్గులు దగ్గి, క్యారియర్ చంకన పెట్టుకుని వెళ్ళారు. ఒక పెళ్ళివారు మగపెళ్ళివారికి పెట్టాల్సిన సామానంతా ఈ దారినే సంపాదించారు. నాలుగు రోజులు తిరిగేసరికి సమర్పించినవాళ్ళ సంఖ్య ఊరి జనాభాను దాటింది.

గుమస్తా ఈ సంగతి విన్నవిస్తే అనంతశయనం గారు చిరునవ్వు నవ్వారు. "సమర్పించినవాడు విముక్తుడు. విముక్తులు జనాభాను మించిరనగా, పుట్టబోవువారు సైతం విముక్తులైరని భావము. పైకి నివేదించుము."

కోటిలింగం పంపుల్లో మందు అడుగంటింది. మందుల షాపుకు వెళ్తే పంపులుండే అర ఖాళీగా ఉంది.

"నీలంది లేదు, గోధుమరంగుది లేదు," అన్నాడు షాపు నాగమల్లేశ్వరరావు. "నువ్వు మైకులో చెప్పిన కాడ్నించి సరుకు నిలవటంలా కోటన్నా. లారీ దిగటం, మున్సిపాలిటీ మెట్లెక్కటం. అయినా నీకెందుకయ్యా? నీకేం రోగం?"

"మా తోడల్లుడికి," అన్నాడు కోటిలింగం. తన నోటితో తానే తన మందు ఊళ్ళో లేకుండా చేసుకున్నానని తెలిసి అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందే ఊడింది.

తులశమ్మ ఇంట్లో గింజుకుంది. "పోయి చెప్పయ్యా మీ కమిషనరుతో, నాకు జబ్బుంది, నా మందు నాకియ్యమని."

"చెబితే ఉద్యోగం పోద్దే."

"చెప్పకపోతే నువ్వే పోతావు!"

ఇద్దరాడపిల్లలు పై ఊళ్ళో చదువుకుంటున్నారు. ఉద్యోగం లేని ఊపిరి పెట్టుకుని ఏం చెయ్యాలన్నది అతని ప్రశ్న. ఊపిరి లేని ఉద్యోగం పెట్టుకుని ఏం చేస్తావన్నది ఆమె ప్రశ్న. ఇద్దరూ తెల్లారిందాకా ఆ రెండు ప్రశ్నలూ ఒకరికొకరు అప్పగించుకుంటూ కూర్చున్నారు.

ఇటు డాక్టరమ్మ ఊరుకోలేదు. కమిషనరు గదిలోకి విసురుగా వెళ్ళింది. "ఊళ్ళో నిజంగా జబ్బున్నవాళ్ళకు మందు దొరకడంలేదు. ఆస్తమా మనిషికి సమయానికి పంపు అందకపోతే ప్రాణం పోతుంది. మీ బీరువాల్లో ఉన్నవన్నీ బయటికి తియ్యండి."

"అమ్మా, తమరే కదా ఆ మందును జాగ్రత్తగా వాడవలెనని, ఇష్టారాజ్యముగా వాడరాదని ఆసుపత్రి గోడ మీద రాయించినారు?"

"అవును. దాని అర్థం..."

"పురపాలక సంఘము తమ సూచనను శిరసావహించుచున్నది," అని ఆయన అక్కడికక్కడే 'సురక్షిత వినియోగ కేంద్రం' మంజూరు చేశారు.

కేంద్రం మున్సిపల్ ఆఫీసు మేడ మీద తెరిచారు. మేడకు లిఫ్టు లేదు. పనివేళలు పదిన్నర నుంచి అయిదు. మధ్యాహ్నం భోజన విరామం. ఆదివారాలూ, రెండో శనివారాలూ ఆయాసపడరాదు. మెట్లెక్కి వచ్చినవాడు అధికారి ముందు నిలబడి తన పేరు, తండ్రి పేరు, డోరు నంబరు గుక్కతిప్పుకోకుండా చెప్పాలి. చెప్పగలిగినవాడికి ఆయాసం లేదని రుజువైంది గనక మందు ఇవ్వరు. చెప్పలేనివాడి వివరాలు అసంపూర్తిగా ఉన్నాయి గనక మందు ఇవ్వరు. కేంద్రం తెరిచిన నాటి నుంచి ఒక్క పంపు కూడా దుర్వినియోగం కాలేదని అనంతశయనం గారు సగర్వంగా పైకి రాశారు. అబద్ధం కాదు. ఆ ముక్క అక్షరాలా నిజం.

ఆ తర్వాత తనిఖీ బృందం వస్తున్నట్టు కబురొచ్చింది.

పెద్దవాళ్ళు వస్తున్నారంటే మన మున్సిపాలిటీలు ఏం చేస్తాయో అందరికీ తెలుసు. రోడ్డుకు రెండువైపులా బ్లీచింగ్ పౌడరూ సున్నమూ కలిపి ముగ్గు పోస్తాయి. దుమ్ము అలాగే ఉంటుంది, కాకపోతే తెల్లగా ఉంటుంది. బట్టీలపాడు ఊపిరిని చూడటానికి వస్తున్న బృందం కాబట్టి మామూలుకంటే నాలుగింతలు పోయించారు. పోసే ట్రాక్టరు ముందు, దాని వెనకే కోటిలింగం ఆటో.

"బాబాయ్, మొహం అట్టా అయిపోయిందేంది?" అన్నాడు ఆటో నడిపే మస్తాను.

"ఏం లేదు, నడుపు," అన్నాడు కోటిలింగం, రుమాలు ముక్కుకు కట్టుకుని. జేబులో నీలం పంపు ఉంది. ఊపి చూశాడు. లోపల చప్పుడు లేదు.

సభ టౌన్‌హాల్లో. బట్టీల యజమానుల సంఘం వారు షామియానా వేయించి, టపాకాయలు కాల్పించి, అగరొత్తులు గుత్తులు గుత్తులుగా వెలిగించారు. వేదిక మీద, అందరికీ కనబడేలా, ఒక పెద్ద అద్దాల బీరువా. దాని నిండా సమర్పించిన ఇన్‌హేలర్లు. బీరువాకు బంతిపూల దండ. పక్కన బల్ల మీద షీల్డు. మైకు దగ్గర కోటిలింగం. ముందు వరసలో పొదుపు సంఘాల ఆడవాళ్ళను కూర్చోబెట్టారు. రాకపోతే లోను ఆపుతామన్నారు గనక తులశమ్మ కూడా ఉంది. ఒక మూల డాక్టరమ్మ కూర్చుంది. ఆవిడను ఎవరూ పిలవలేదు.

కోటిలింగం మొదలుపెట్టాడు. "గౌరవనీయులైన... తనిఖీ బృందం... వారికి..." మూడు మాటలకొకసారి ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా మైకులోంచి సన్నటి ఈల. ఒక ఈల, రెండు ఈలలు, ఆ తర్వాత గంపెడు పిల్లికూనలు ఏడ్చినట్టు హాలంతా కూతలు. బయట స్తంభాలకు కట్టిన లౌడుస్పీకర్లలో బజారంతా అవే కూతలు.

బృందం నాయకుడు చెవి రిక్కించాడు. "ఏమిటది?"

"మైకు దోషము," అన్నారు అనంతశయనం గారు తడుముకోకుండా. "ఒరేయ్, మైకు మెకానిక్కును పిలవండి!"

మెకానిక్కు పరుగున వచ్చి తీగలు పీకి పెట్టాడు, మైకు మార్చాడు. కొత్త మైకులో కూతలు ఇంకా స్పష్టంగా వినిపించాయి. కోటిలింగం బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. పెదవులు నీలిరంగు తిరుగుతున్నాయి. మెడ కండరాలు తాళ్ళలా లేచాయి. అతని ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, అద్దం వెనకాల, పూలదండ కింద, కొత్తకొత్తవి, సీలు కూడా తియ్యనివి, ఊరికి సరిపడా ఊపిరి పేర్చి ఉంది.

"నా మొగుడు చచ్చిపోతన్నాడయ్యో!" అని తులశమ్మ వేదిక మీదికి ఉరికింది. "బీరువా తియ్యండి!"

"తాళము స్టోర్సు విభాగంలో గలదు," అన్నారు అనంతశయనం గారు. "స్టోర్సు అధికారి సెలవులో గలరు."

తులశమ్మ ఇంకో మాట అడగలేదు. బల్ల మీది షీల్డు ఎత్తి అద్దం మీద వేసింది. అద్దం భళ్ళుమంది. అప్పటిదాకా కుర్చీలకు అతుక్కుపోయిన సభ ఒక్కసారిగా లేచి నిలబడింది.

డాక్టరమ్మ అప్పటికే వేదికెక్కింది. కోటిలింగాన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. రిబ్బను కత్తిరించడానికి వెండి పళ్ళెంలో పెట్టిన కత్తెర తీసుకుని నీళ్ళ సీసా అడుగున కన్నం చేసింది. నీలం పంపు ఊపి, ఒకసారి గాలిలోకి కొట్టి చూసి, ఆ కన్నంలో దూర్చింది. సీసా మూతి అతని నోట్లో పెట్టింది. "తొందరపడొద్దు. ఒక్కటి కొడతాను, నెమ్మదిగా పీల్చు. మళ్ళీ పీల్చు. ఇంకోటి కొట్టేదాకా ఆగు." ఒక్కొక్కటిగా కొన్ని కొట్టింది. ఈలలు కాస్త నెమ్మదించాయి గానీ ఆగలేదు. "ఇది చాలదు, ఆక్సిజన్ కావాలి. ఆసుపత్రికి పదండి!"

అంబులెన్సు స్వాగత తోరణాల అవతల ఇరుక్కుపోయింది. మస్తాను మైకు ఆటోనే గుమ్మం దాకా తెచ్చాడు. తొందరలో ఎవరూ ఆటో మైకు కట్టేయలేదు. ఆసుపత్రి దాకా దారి పొడుగునా లౌడుస్పీకర్లో కోటిలింగం ఊపిరి వినబడింది. పీల్చినప్పుడు ఈల, వదిలినప్పుడు ఈల. మధ్యలో తులశమ్మ గొంతు, "పీల్చయ్యా, ఇంకొక్కటి పీల్చయ్యా, ఇంకొక్కటి" అని. బజారులో బేరాలు ఆగిపోయాయి. క్యారియర్లలో అన్నం తెచ్చుకుని అరుగుల మీద తింటున్నవాళ్ళు ముద్ద దిగక చేతులు కడుక్కున్నారు.

కోటిలింగం బతికాడు. బతకడం తేలికగా జరగలేదు. రెండు రోజులు మూతికి ముసుగు, చేతికి సూదులు. మూడో రోజు కళ్ళు తెరిచి చూస్తే కాళ్ళ దగ్గర గుమస్తా ఒక కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మొదటి వార్త, బట్టీలపాడుకు బహుమతి వచ్చింది. తనిఖీ సమయంలో పట్టణంలో ఎవరి చేతిలోనూ ఇన్‌హేలర్ కనబడలేదని బృందం ధ్రువీకరించింది. రెండో వార్త కవర్లో ఉంది. "ఆయాస రహితముగా ప్రకటింపబడుచున్న పట్టణమునందు, ప్రకటన సమయముననే, అనుమతి లేకుండ ఆయాసపడినందులకు తమపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

గుమస్తా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సారు మంచివాడే కోటిలింగం. ఒక దారి చెప్పాడు. ఆ చప్పుడు మైకుదని, నీకు ఏ జబ్బూ లేదని సంతకం పెట్టు. కాంట్రాక్టు మూడేళ్ళకు రాయిస్తానన్నాడు. రేపు ఊళ్ళో బహుమతి సంగతి నువ్వే చెప్పాలట. ఆ గొంతుతోనే చెప్పాలట, జనం నమ్మాలి గదా."

"జబ్బు లేదని సంతకం పెడితే ఆసుపత్రి వాళ్ళు మందెట్లా ఇస్తారు?"

"అదేందయ్యా, జబ్బు లేనోడికి మందెందుకు?" అన్నాడు గుమస్తా. వెక్కిరింపు కాదు, అతనికి నిజంగానే అర్థం కాలేదు.

కోటిలింగం కాగితం తీసుకుని దిండు కింద పెట్టుకున్నాడు.

మర్నాడు డాక్టరమ్మ వద్దంటున్నా ఇల్లు చేరాడు. గోధుమరంగు పంపు పీల్చి, నోరు పుక్కిలించి, తలదువ్వుకున్నాడు. బద్దలైన బీరువాలోంచి డాక్టరమ్మ ఏరి తెచ్చిన ఆ రెండు పంపుల్లో నీలందాన్ని చొక్కా పైజేబులో, పెన్ను పెట్టుకున్నట్టు, అందరికీ కనబడేలా పెట్టుకున్నాడు. సంతకం పెట్టని కాగితం తులశమ్మ చేతికిచ్చాడు. ఆమె దానివైపు చూసి, అతనివైపు చూసి, పొయ్యిలో పెట్టింది.

మస్తాను ఆటో బట్టీల బజారు మొదట్లో ఆగింది. కోటిలింగం మైకు అందుకుని ప్రకటన చదవడం మొదలుపెట్టాడు.

"పట్టణ ప్రజలకు శుభవార్త! మన బట్టీలపాడు రాష్ట్రంలోనే మొట్టమొదటి ఆయాస రహిత పట్టణంగా ఎంపికైంది! మన పట్టణంలో ఆయాసపడేవారు ఒక్కరు కూడా లేరని..."

ఆగాడు. ఊపిరి అందక కాదు. నిండా పీల్చుకున్నాడు, సుఖంగా అందింది. భయం మాత్రం వేసింది.

"లేరని చెప్పమన్నారు. నేనున్నాను. పేరు కోటిలింగం, మీకు తెలిసిన గొంతే. నాకు ఆస్తమా ఉంది. ఇన్నాళ్ళూ దాచుకున్నా. మొన్న మీరు విన్నది మైకు కాదు, నేనే."

సున్నపు మూటలు మోసే ఒకామె తలమీది మూట దించి, కొంగుతో మూతి తుడుచుకుంది. "నేనూ ఉన్నానయ్యా," అంది. "మా ఆయనకూ ఉంది. సిగ్గేసి చెప్పటంలా."

అరుగు మీంచి ఒక ముసలాయన చెయ్యెత్తాడు. దుకాణంలోంచి ఇంకొకాయన. మేడ మీంచి ఎవరిదో దగ్గు. మందుల షాపు నాగమల్లేశ్వరరావు గుమ్మంలో నిలబడి తలవంచుకున్నాడు.

మస్తాను వెనక్కి తిరిగి చూశాడు. "బాబాయ్, ఉద్యోగం పోద్ది."

"పోద్ది," అన్నాడు కోటిలింగం. "సాయంత్రం లోపల పోద్ది. అందాకా మైకు మన చేతిలోనే ఉంది. తర్వాతి వీధికి నడుపు."